క్యాచ్ చేజారాక మొదటి మాట

క్యాచ్ చేజారింది. బంతి వాడి అరచేతుల్లో పడ్డట్టే పడి, మోకాలికి తగిలి, మొరం నేల మీద రెండు గెంతులేసి ఆగింది. పిచ్ మీద పిల్లలు రెండో పరుగుకు మళ్లారు. చుట్టూ ఒకటే కేకలు. వాడు మాత్రం బంతి కోసం వంగలేదు. తలెత్తి నా మొహంలోకి చూశాడు.

తొమ్మిదేళ్ల పిల్లవాడు. కంచన్‌బాగ్‌లో మా వేసవి శిబిరానికి రావడం మొదలుపెట్టి అప్పటికి వారం. నేనేమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "కండ్లు ఎక్కడ పెట్టినవ్ రా?" పక్కనున్న పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు, నవ్వకపోతే ఏడుపొస్తుందని. ఆ పూట బంతి వాడి వైపు ఇంకో మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ వాడు అరడుగు ఆలస్యంగా చేరాడు. చేతికందితే పట్టాలి, పడితే జారొచ్చు, జారితే సార్ అరుస్తాడు. అసలు అందకుండా పోతే ఏ గొడవా లేదు. ఈ లెక్క వాడికి నేర్పింది నేనే.

మర్నాడు పొద్దున అదే వేళకు కోన్లు పెడుతూ వాడు నిలబడ్డ చోటికి వెళ్లాను. షూ లేసు ఊడింది. కట్టుకుందామని ఒక మోకాలి మీద కూర్చుని తలెత్తేసరికి కళ్లు జిగేల్‌మన్నాయి. ఏడు గంటల ఎండ, గోడ అవతలి వేపకొమ్మ కింద నుంచి సూటిగా మొహాన కొడుతోంది. లేచి నిలబడ్డాను. ఎండ లేదు, కొమ్మ అడ్డమొచ్చింది. మళ్లీ కూర్చున్నాను, ఎండ ఉంది. నాకు నీడ దొరికే చోటులోనే వాడికి ఎండ.

వాణ్ని పిలిచి అడిగాను. "నిన్న క్యాచ్ పట్టేటప్పుడు బాల్ కనబడ్డదా బిడ్డా?"

"కనబడలే సార్. ఎండ కొట్టింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు కండ్లు ఎక్కడ పెట్టినవ్ అని అడిగిన్రు. నేను బాల్ మీదనే పెట్టిన సార్."

ఎదుటివాడి చోట నిలబడి చూడడాన్ని పుస్తకాల్లో సహానుభూతి అంటారు. గ్రౌండ్‌లో ఆ మాట ఎవరూ వాడరు, వాడాల్సిన పనీ లేదు. అక్కడ దాన్ని అక్షరాలా చేయొచ్చు. మోకాలి మీద కూర్చుంటే చాలు. పిల్లలకు ఆట నేర్పే ప్రతి మనిషీ, కోచ్ కానివ్వండి, పీఈటీ సార్ కానివ్వండి, ఆదివారం పూట కొడుక్కి బంతులేసే తండ్రి కానివ్వండి, మొదటి రోజే గ్రౌండంతా ఒకసారి పిల్లల ఎత్తులో తిరిగి చూడాలని నేనంటాను. గోల్‌పోస్టు ఎంత పెద్దదిగా కనబడుతుందో, అవతలి జట్టు పిల్లవాడు మీదికొస్తే ఎంత కొండలా ఉంటాడో, మీరు నిలబడి మాట్లాడుతుంటే వాడికి మీ మొహం కన్నా మీ చెయ్యి ఎంత దగ్గరగా ఉంటుందో అప్పుడు గాని తెలియదు.

ఈ అధ్యాయమంతా ఆ చూపు గురించే. తప్పు జరగగానే పిల్లవాడు బంతినొదిలి మన మొహం చూస్తాడే, ఆ చూపు. అది రెండు మూడు సెకన్లే ఉంటుంది. మనం నోరు తెరవకముందే మన కనుబొమలు జవాబు చెప్పేస్తాయి.

ఒకే గ్రౌండు, ఎన్నో భాషలు

కంచన్‌బాగ్ తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. పాతబస్తీ దక్షిణాన పొడుగాటి గోడల మధ్య ఉన్న పేట ఇది. గోడల లోపల రక్షణ ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, 1970లో మొదలైన భారత్ డైనమిక్స్, 1973లో మొదలైన మిధాని. క్వార్టర్లలో తెలుగు, తమిళ, మలయాళ, ఒడియా, హిందీ ఇళ్లు. గోడ దాటితే హఫీజ్‌బాబానగర్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట. ఇంకాస్త ముందుకెళ్తే జామకాయలకూ ఫుట్‌బాల్‌కూ పేరుబడ్డ బార్కస్. పొద్దున ఆరున్నరకు గ్రౌండ్‌కి సైంటిస్టు కొడుకూ వస్తాడు, ఆటో డ్రైవర్ కొడుకూ వస్తాడు, మిధాని షిఫ్టు దిగి నిద్రకళ్లతో కూతుర్ని స్కూటీ మీద దింపే నాన్నా వస్తాడు.

ఇక్కడ ఒకే మాట నలుగురికి నాలుగు రకాలుగా వినబడుతుంది. "ఇటు రారా" అంటే మా తెలుగు పిల్లలకు చనువు. ఇంట్లో అమ్మ కూడా "ఆప్" అని పిలిచే ఉర్దూ ఇంటి పిల్లాణ్ని నలుగురిలో "తూ" అంటే వాడికి చెంపదెబ్బ తగిలినట్టే ఉంటుంది. తమిళ ఇంటి నుంచి కొత్తగా వచ్చిన పాప అసలు సగం మాటలు అర్థం కాక అందరూ ఎటు పరిగెడితే అటు పరిగెడుతుంది. మనం ఆ పాపను "చెప్పింది వినదు" అనుకుంటాం. అందుకే మా దగ్గర కొత్త ఆట ఏదైనా మొదట మాటల్లేకుండా రెండుసార్లు ఆడి చూపిస్తాం, ఆ తర్వాతే చెప్తాం. చెప్పేది కూడా ఒక్క విషయమే. ఎనిమిదేళ్ల పిల్లాడికి "మోచెయ్యి ఎత్తు, తల నిటారుగా పెట్టు, ముందు కాలు వెయ్యి, బంతిని చూడు" అని ఒక్క ఊపున చెప్తే వాడు నాలుగోది కూడా మర్చిపోతాడు.

ఈ పేటకు సంబంధించిన కథ ఒకటుంది, మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు చాలా సభల్లో చెప్పేవారు. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చి పదేళ్లు ఆయన ఇక్కడే క్షిపణుల పనిలో ఉన్నారు. ఒకరోజు నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టర్ ఒకరు ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణి కోసం చేసిన ఒక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, అదెంత తేలికగా ఉందో అని ఆశ్చర్యపోయి, కలాం గారిని తన వార్డుకు తీసుకెళ్లారట. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో ఆ తేలిక పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు తయారుచేసి ఇచ్చారు. పిల్లలు తమ కళ్లను తామే నమ్మలేకపోయారని, తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు తిరిగాయని ఆయన చెప్పేవారు.

నాకు ఆ కథలో నచ్చేది పదార్థం కాదు. ఆ డాక్టర్ ఆయనకు నివేదిక పంపలేదు, ఆ వార్డులోకే తీసుకెళ్లి నిలబెట్టాడు.

మన గ్రౌండ్లలో ఇలాంటి కాలిపర్లు బోలెడు. అన్న వదిలేసిన పెద్ద సైజు బ్యాట్‌ను తమ్ముడు రెండు చేతులా ఎత్తలేక ఎత్తుతుంటాడు. కోచ్ వచ్చి "బ్యాక్‌లిఫ్ట్ సరిగా లేదు" అంటాడు. అసలు క్రికెట్ బంతి 160 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది, టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు. తోలు బంతి వేలికి తగిలి ఒకసారి వాచిందంటే ఆ పిల్లాడు ఆ తర్వాత నెల రోజులు ప్రతి బంతికీ మొహం తిప్పుకుంటాడు. "భయపడకు" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మొహం మళ్లీ ఇటు తిరగదు, మెత్తటి బంతి ఇస్తే తిరుగుతుంది. పెద్దవాళ్లు ఆడే 5 నంబర్ ఫుట్‌బాల్ 410 నుంచి 450 గ్రాములు. ఏడేళ్ల పిల్లకు దాన్నిచ్చి "గట్టిగా తన్ను" అనడం కన్నా 3 నంబర్ బంతి కొనడం చవక. 22 గజాల పిచ్‌ను 16 గజాలకు కుదిస్తే కోచ్ గొంతు కూడా సగం మిగులుతుంది. మా శిబిరంలో సున్నంతో రెండో గీత గీసిన రోజున నేను అరవాల్సిన కేకలు చాలావరకు తగ్గిపోయాయి. పిల్లలు మారలేదు, గీత మారిందంతే.

మన గొంతు మనకు వినబడదు

అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలో ఒక ఓపికైన పని చేశారు. పిల్లల బేస్‌బాల్ మైదానాల పక్కన పరిశీలకులను కూర్చోబెట్టి, కోచ్ ఏ సందర్భంలో ఏమంటున్నాడో, ఏం చేస్తున్నాడో ఒక్కొక్కటీ లెక్క రాయించారు. పిల్లవాడు తప్పు చేస్తే ధైర్యం చెప్పాడా, ఎలా ఆడాలో చూపించాడా, తిట్టాడా, పట్టించుకోలేదా. సీజన్ అయిపోయాక పిల్లల్నీ కోచ్‌లనూ విడివిడిగా అడిగారు. కోచ్‌లు తమ గురించి తాము చెప్పుకున్నదానికన్నా పిల్లలు చెప్పిందే పరిశీలకుల లెక్కకు దగ్గరగా ఉంది.

ఇంకో విషయం కూడా తేలింది. జట్టు ఎన్ని ఆటలు గెలిచిందన్నదానికీ, పిల్లలు ఆ కోచ్‌ను ఎంత ఇష్టపడ్డారన్నదానికీ దాదాపు సంబంధం లేదు. కానీ గెలిచే జట్టు పిల్లలు, మా అమ్మానాన్నలకు ఈ కోచ్ ఇష్టం అని మాత్రం అనుకున్నారు. గెలుపు ఎవరికి కావాలో పిల్లలకు బాగానే తెలుసు.

ఆ తర్వాత కొందరు కోచ్‌లకు సీజన్‌కు ముందు ఒక చిన్న శిక్షణ ఇచ్చారు. తప్పు జరిగితే ముందు ధైర్యం చెప్పండి, ఆ వెంటనే ఎలా సరిదిద్దుకోవాలో ఒక్కటి చెప్పండి, శిక్షలు మానేయండి, కష్టపడ్డప్పుడు గుర్తించండి. అంతే. 1992లో అచ్చయిన ఫలితం చూడండి. మామూలు కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడాది 26 శాతం మంది ఆట మానేశారు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసింది 5 శాతం. తమ మీద తమకు నమ్మకం తక్కువ ఉన్న పిల్లల మీదే కోచ్ తీరు ఎక్కువ పనిచేస్తుందని వాళ్ల పరిశోధనలు చెప్తున్నాయి. మూలన నిలబడి బంతి రాకూడదని కోరుకునే పిల్లవాడి మీద అన్నమాట.

ఇది చదివాక నేనొక పని చేశాను. మీరూ చేయండి, కాకపోతే గుండె దిటవు చేసుకోండి. ఒక పూట ఫోన్ రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకుని గ్రౌండంతా తిరిగాను. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక విన్నాను, విన్నాక చెరిపేశాను. గంటన్నరలో "అరే" అన్నది లెక్కపెట్టలేక ఆపేశాను. "ఎన్నిసార్లు చెప్పాలి" అని పదకొండుసార్లు అన్నాను. పదకొండుసార్లు చెప్పానంటే చెప్పే పద్ధతిలోనే ఏదో ఉందని ఎనిమిదోసారికైనా తట్టాల్సింది. పొగడ్త కూడా విన్నాను, "షాబాష్, షాబాష్" అని. దేనికి షాబాషో ఎక్కడా లేదు. పైగా ఆ షాబాషులన్నీ ఇద్దరు ముగ్గురు బాగా ఆడే పిల్లలకే.

పొగడ్త సంగతి కొంచెం ఆగి చూద్దాం. 1998లో క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ అచ్చువేసిన ప్రయోగాల్లో, "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత తేలిక ప్రశ్నల వైపు మొగ్గారు. ఓడినప్పుడు త్వరగా డీలా పడ్డారు. "బాగా కష్టపడ్డావు" అన్నవాళ్లు కష్టమైనవి ఎంచుకున్నారు. గ్రౌండ్‌లో దీన్ని ఇంకా చిన్నగా వాడుకోవచ్చు. "మస్త్ ఆడినవ్" అనే బదులు "ఈసారి బంతి కిందికి వచ్చేదాకా ఆగినవ్, చూసిన" అనండి. "చూసిన" అనే మాటకు ఎంత బలముందో ఒక్కసారి అని చూడండి. పిల్లవాడు తప్పు చేసినప్పుడే కాక సరిగా చేసినప్పుడు కూడా మన మొహం వైపు చూస్తాడు. అప్పుడు మనం ఎక్కువగా వేరేవాడి తప్పు చూస్తూ ఉంటాం.

బడి పంతులు కట్టిన జట్టు

ఈ విషయంలో పరాయి దేశాల పుస్తకాలు వెతికే ముందు మన ఊరి మనిషిని ఒకసారి తలుచుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1909లో పుట్టిన హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణానికి తీసుకెళ్లిన కోచ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది ఆయన చేతి కిందే. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఇప్పటి పిల్లలకూ పేరు తెలిసింది. సినిమా చూసి చాలామందికి ఆయన గర్జించే మనిషిగా గుర్తుండిపోయి ఉంటారు. నాకు మాత్రం ఆయన ముందు బడి పంతులు. చాదర్‌ఘాట్, దారుల్ ఉలూమ్ లాంటి బళ్లలో పాఠాలు చెప్పిన మనిషి.

ఆయన కుర్రవాళ్లకు పెట్టిన పోటీలు చూడండి. ఒక టోర్నమెంట్‌లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇవ్వాల్సిందే. "ఎడమ కాలు వాడు, ఎడమ కాలు వాడు" అని గొంతు చించుకునే పని లేదు. ఆట నియమమే ఆ మాట చెప్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. అందరూ వాటం లేని కాలితో ఆడుతుంటే అందరూ తడబడతారు. బాగా ఆడే పిల్లవాడూ బంతిని గాల్లో తన్ని బోర్లా పడతాడు. తప్పు చేయడం అక్కడ మామూలు విషయమైపోతుంది. మా శిబిరంలో శనివారం పూట ఎడంచేతి క్రికెట్ పెడతాం. కుడిచేతి వాళ్లంతా ఎడమ చేత్తో బంతి వేయాలి. ఆ ఒక్క రోజు నవ్వుల్లో ఎగతాళి ఉండదు. మాలో ఒక ఎడంచేతి పిల్ల ఉంది, ఆ రోజు ఆమెదే రాజ్యం. మిగతా ఐదు రోజులు మేం ఆమె చేత ఏం చేయించామో మాకు ఆ రోజు తెలిసింది.

తులసీదాస్ బలరామ్ సంగతి కూడా చెప్పాలి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింటి కుర్రవాడు, తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు, జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. కుర్రవాడి ఆట రహీమ్ కంటపడింది. శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ దాకా రోజూ వచ్చే స్తోమత లేదు. రహీమ్ సైకిల్ కిరాయికి డబ్బులిచ్చి రప్పించుకున్నారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఇందులో ఉపన్యాసం లేదు, భుజం తట్టడం లేదు. రాకపోవడానికి కారణం ఏమిటో తెలుసుకుని సైకిల్ కిరాయి ఇచ్చారు.

"ఎందుకు" అనకండి

నా తప్పు ఇంకొకటి చెప్తాను. 2019 మే నెల, రంజాన్ ఎండాకాలంలో వచ్చింది. పదేళ్ల కుర్రవాడొకడు, మామూలుగా ఎవరికీ దొరకడు, ఆ రోజు పరుగుల్లో అందరికన్నా వెనక. నీళ్ల విరామంలో కూడా గోడ వారన కూర్చున్నాడు. "ఎందుకు నడుస్తున్నవ్? రాత్రంతా ఫోన్ చూసినవా?" అన్నాను. తల దించుకున్నాడు. ఇంకో రౌండ్ వేయమన్నాను, వేశాడు. ఇంటికెళ్లేటప్పుడు వాళ్ల పక్కింటి పిల్లవాడు నా దగ్గరికొచ్చి, "ఈరోజు వాడి మొదటి రోజా సార్" అని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఇఫ్తార్ వేళ దాటింది. వాడి మెడలో పూలదండ ఉంది, మొదటి రోజా, అంటే ఉపవాసం, పూర్తి చేసినందుకు ఇంట్లోవాళ్లు వేసినది. నన్ను చూసి వాడే ముందు ఖర్జూరం తెచ్చిచ్చాడు. నేను సారీ చెప్పాను, వాళ్ల అబ్బా ముందే. పిల్లాడి ముందు కోచ్ సారీ చెప్తే మర్యాద పోతుందని కొందరంటారు. నాకైతే మర్నాటి నుంచి పిల్లలు చెప్పకుండా దాచే సంగతులు తగ్గాయి. తలనొప్పి, కడుపునొప్పి, ఇంట్లో గొడవ, బూట్లు బిగుతయ్యాయన్నది, అన్నీ వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి రంజాన్ నెలలో పొద్దుటి పరుగులు సగం చేశాం, అందరికీ. ఉపవాసమున్న పిల్లలను మాత్రమే పక్కన కూర్చోబెడితే అది ఇంకో రకం శిక్ష.

ఆ సంఘటన నుంచి నేను "ఎందుకు" అనే మాటను పిల్లలతో దాదాపు మానేశాను. పెద్దవాళ్ల నోట "ఎందుకు" అంటే పిల్లల చెవికి పోలీసు స్టేషన్. ఎందుకు లేటు, ఎందుకు వదిలేశావు, ఎందుకు ఏడుస్తున్నావు. దానికి వాళ్ల దగ్గర ఉండే జవాబులు రెండే. ఒకటి మౌనం, రెండోది అబద్ధం. "ఏమైంది?" అంటే వాడు జరిగింది చెప్తాడు. "బాల్ ఎక్కడి నుంచి వచ్చింది?", "కాలు ఎక్కడ పడ్డది?", "ఇంకోసారి వస్తే ఏం చేస్తవ్?" ఇలాంటివాటికి ఎనిమిదేళ్ల పిల్ల కూడా జవాబు చెప్పగలదు. అడిగాక ఆగాలి, ఇదే అన్నిటికన్నా కష్టం. మూడు సెకన్లు ఆగితే మనకు మూడు నిమిషాలనిపిస్తుంది. పిల్లలు మాటలు వెతుక్కోవడానికి అంత సేపు పడుతుంది, పైగా ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాష, గ్రౌండ్‌లో ఇంకో భాష ఉన్న చోట.

పతంగి ఎగరేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అవతలి పతంగి మాంజా తగలగానే కొత్తవాడు గుంజుతాడు. ఆడి ఆడి ఉన్నవాడు ఢీల్ ఇస్తాడు, దారం వదులుతాడు.

మరి గోపీచంద్ సంగతేమిటి?

ఈ మాటలు చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు లేస్తారు. "మెత్తగా మాట్లాడితే చాంపియన్లు వస్తారా? గోపీచంద్ సింధు చేత ఏం చేయించాడో తెలుసా?" తెలుసు. సింధు స్వయంగా చాలాసార్లు చెప్పిన సంగతే. బ్యాడ్మింటన్ కోర్టులో నోరు విప్పని ఆమెను కోచ్ గోపీచంద్ తన అకాడమీలో అందరి ముందూ నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆమె ఏడ్చింది, చివరికి అరిచింది. రియో ఒలింపిక్స్‌కు ముందు నెలల తరబడి ఫోన్ కూడా ఇవ్వలేదు. 2016లో రజతం వచ్చింది, ఫోన్ తిరిగొచ్చింది.

కానీ ఆ కథలో మనం వదిలేసే భాగం ఒకటుంది. అప్పటికి ఆమె ఏళ్ల తరబడి ఆయన దగ్గర ఆడుతున్న అంతర్జాతీయ క్రీడాకారిణి. ఆమెలో ఏముందో, బయటికి రానిదేమిటో ఆయనకు అణువణువూ తెలుసు. ఆ అరుపు ఆమె గొంతులోంచి రావాలని ఆయన పట్టుబట్టారు. మన గ్రౌండ్లలో అరిచేది ఎవరు? వారం కిందట చేరిన ఏడేళ్ల పిల్లాడి మీద, వాడి పేరు కూడా సరిగా గుర్తులేని కోచ్. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. కఠినంగా ఉండొద్దని నేననను. టైముకు రాకపోతే ఆట మొదలయ్యేదాకా బయట నిలబడాల్సిందే, తోటివాణ్ని తిడితే ఆ పూటకు ఆట లేదు. నియమం అందరికీ ముందే తెలిసి, అందరికీ ఒకటే అయితే పిల్లలు దాన్ని కోపంగా తీసుకోరు. మన మూడ్‌ను బట్టి మారేదాన్ని మాత్రం భరించలేరు.

కొట్టడం గురించి చర్చే లేదు. 2009 విద్యాహక్కు చట్టం బళ్లలో దేహశిక్షనూ మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది. గ్రౌండ్ బడి బయట ఉన్నా పిల్లవాడు వాడే. గ్రిప్ సరిచేయడానికి చెయ్యి పట్టుకోవాల్సి వస్తే కూడా "పట్టుకోవాల్నా?" అని అడగండి. ముందు మీ చేతి మీద చూపించండి, చాలాసార్లు ముట్టుకునే అవసరమే రాదు. ఏ పిల్లతోనైనా విడిగా మాట్లాడాలంటే నలుగురికి కనబడే చోట, ఎవరికీ వినబడనంత దూరంలో మాట్లాడండి.

స్కూటర్ వెనక సీటు

గోడ మీద కూర్చునే నాన్నల గురించి రెండు ముక్కలు. వాళ్లను తిట్టడం కోచ్‌లకు సరదా. నాకూ ఉండేది. లోపలికి ఫోన్ కూడా తీసుకెళ్లనివ్వని ఆఫీసులో రోజంతా ఉండి, పొద్దున ఒక్క గంట కొడుకు ఆట చూద్దామని వచ్చే మనిషి అరవకుండా ఉండలేడు. "ఆడరా! ఆడరా!" అని ఒక పక్క, "మార్, జోర్ సే మార్" అని ఇంకో పక్క. పిల్లవాడు బౌలర్‌ను చూడాలా, నన్ను చూడాలా, గోడను చూడాలా?

మేము వాళ్లకు పని ఇచ్చాం. ఒకాయన స్కోరు రాస్తాడు, ఒకాయన నీళ్ల డబ్బా చూస్తాడు, ఒకామె దెబ్బల పెట్టె చూస్తుంది. చేతిలో పెన్ను ఉన్న మనిషి తక్కువ అరుస్తాడు. శిబిరం మొదటి రోజే ఒక్క మాట అడిగాం. ఇంటికెళ్లేటప్పుడు స్కూటర్ మీద ఆట గురించి మీరు ముందు ఎత్తకండి. వాడు ఎత్తితే వినండి. "ఎన్ని కొట్టినవ్?" అన్నది మీ ఇంట్లో మొదటి ప్రశ్న కాకుండా చూడండి. ఒకాయన నవ్వి, "మరి ఏమడగాలె సార్?" అన్నాడు. "ఆకలైతుందా?" అని అడగమన్నాను. వారం తర్వాత ఆయనే వచ్చి చెప్పాడు, ఇంటికి చేరేలోపు మొత్తం మ్యాచ్ కామెంటరీతో సహా చెప్పేశాడు సార్, ఇడ్లీ బండి దగ్గర ఆపినా ఆపలేదని.

ఇక చివరి ఐదు నిమిషాలు. కూల్‌డౌన్ అని కాళ్లు చాపించి కూర్చోబెడతారే, ఆ వేళ. మేము ఆ వేళ పాఠం చెప్పం. పిల్లలు గేటు దగ్గర వరసగా నిలబడతారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఆ రోజు వాళ్లు చేసిన ఒక్క పని చెప్పి పంపుతాను. "మూడో ఓవర్లో నువ్వు వాడికి బాల్ అందించినవ్." "ఈరోజు నువ్వు కింద పడ్డా ఆట ఆపలే." ముప్పై మందికి ముప్పై సంగతులు గుర్తుండాలంటే గంటన్నరా ముప్పై మందినీ చూస్తూ ఉండాల్సిందే, వేరే దారి లేదు. కొన్ని రోజులు నాకు కొందరి గురించి ఏమీ గుర్తుండదు. అప్పుడు నిజమే చెప్తాను, "ఈరోజు నిన్ను సరిగ చూడలే, రేపు చూస్త" అని.

ఆ క్యాచ్ పిల్లవాడిని మర్నాడు వేపకొమ్మకు ఇవతల నిలబెట్టాను. బంతి వాడి వైపు రాలేదు, ఒక్కసారి కూడా. వరసలో పిలుస్తూ పిలుస్తూ చివరికొచ్చాను. పుస్తకం మూసి, విజిల్ జేబులో వేసుకుని, గేటు వేయబోతుంటే వెనక నుంచి నా చొక్కా ఎవరో లాగారు.

"సార్, నా పేరు ఇంకా పిలవలే."